అమ్మగారి పాటల పెట్టె ముందేసుకుని కూర్చునే ముందు

ఒరేయ్ మిత్రమా,

ఉత్తరం అందింది. మనవలు చదువుకునేలా, కాలం చేసిన మీ అమ్మగారి గురించి ఓ చిన్న పుస్తకం రాయాలని ఉంది గానీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తోచట్లేదన్నావు. ముందు ఆ కలం కింద పెట్టు. రాయడం ఆఖరి పని. పాడే మనిషి జీవితం రాయబోయి చాలామంది "సంగీతమంటే ప్రాణం, ఎప్పుడూ ఏదో ఒకటి పాడుతూనే ఉండేవారు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. మిగతా పేజీలు పుట్టిన తేదీ, పెళ్లి, పిల్లలు, వాళ్ల ఉద్యోగాలు. అది చదివిన మనవడికి బామ్మ ఏం పాడేదో ఒక్క ముక్క తెలీదు. నన్నడిగితే పుస్తకానికి వెన్నెముక పాటల జాబితానే. ఏ పాట, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ వేళ పాడేవారు, ఏ శ్రుతిలో, ఏ చరణం దగ్గర తడబడేవారు, ఎవరికి నేర్పారు. ఇవి పోగుచేశావంటే తేదీలూ మనుషులూ వాటి చుట్టూ వచ్చి కూర్చుంటారు.

అన్నిటికంటే ముందు ఆవిడ ఫోను సంగతి చూడు. సిమ్ ఇప్పుడే రద్దు చేయించకు. బ్యాంకు దగ్గర్నుంచి ఈమెయిలు దాకా ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే మామూలుగా తీసేస్తారు. ఫోనులో ఉన్నవి యాప్ తీసేసేదాకా ఉంటాయి గానీ ఆ భరోసాతో కూర్చోకు. చాట్లు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మీడియాతో సహా అని ఎంచుకో. ఆవిడ పంపిన వాయిస్ మెసేజీలు అందుకున్నవాళ్ల ఫోన్లలో కూడా ఉంటాయి కదా, మనవలందరినీ అడుగు. "పాట పాడి పంపవే బామ్మా" అన్న పిల్ల దగ్గర, నువ్వు ఎన్నడూ విననిది దొరకొచ్చు. ఆ ఫైళ్లు ఓపస్ రకంలో ఉంటాయి, అలాగే ఉంచు. తెరుచుకోవట్లేదని ఎంపీత్రీలోకి మార్చి అసలుది పారేస్తే, ఇప్పటికే నలిగిన శబ్దాన్ని ఇంకోసారి నలిపినట్టే. ఆండ్రాయిడ్ ఫోనైతే ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది కాబట్టి పేర్లు మార్చేముందు ఓ చోట రాసి పెట్టుకో.

ఇక అమ్మగారి పాటలున్న క్యాసెట్లు. అసలు పనంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదువు.

ఒక్కటి కూడా ప్లేయర్లో పెట్టకముందే అన్నిటికీ నంబర్లు వెయ్యి, రెండువైపులా ఫొటో తియ్యి. డబ్బాలో ఉన్న అట్టముక్క కూడా విప్పి తియ్యి, లోపలి మడతలో పెన్సిలుతో ఏదైనా రాసి ఉంటుంది. లేబుల్‌ని నమ్మకు. కొన్న క్యాసెట్ల పైఅంచున రెండు చదరపు గుంటలుంటాయి, పొరపాటున రికార్డింగ్ పడకుండా. ఆ గుంటల మీద ఎవరైనా ప్లాస్టర్ ముక్కో కాగితమో అంటించి ఉంటే దాని మీద ఇంకేదో రికార్డు చేశారని అర్థం. పైన సినిమా పాటలని రాసి ఉంటుంది, లోపల అమ్మగారి గొంతు ఉండొచ్చు. అందుకని ప్రతి క్యాసెట్టూ రెండువైపులా చివరంటా వినాల్సిందే. పాట అయిపోయాక ఎవరూ బటన్ నొక్కకపోవడంతో పడిపోయిన మాటలు సైడు చివర్న దొరుకుతుంటాయి. ఖాళీ క్యాసెట్‌గా కొన్నవాటికి ఆ చిన్న ప్లాస్టిక్ పలకలు ఇంకా ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో రెండూ విరగ్గొట్టెయ్యి. రికార్డు బటన్ మీద వేలు పడ్డా భయం లేదు.

తర్వాత కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూడు. రీలు మీద తెల్లటి బూజుపొడి కనిపిస్తే దాన్ని వేరే సంచిలో పెట్టు. ప్లేయర్లో పెడితే ఆ బూజు రీలుని చదివే హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. ముందువైపు మధ్యలో రాగిరంగు రేకు మీద చిన్న ఉన్నిముక్క ఉంటుంది, ప్రెజర్ ప్యాడ్ అంటారు. దాని జిగురు ఎండి ముక్క ఊడిపోవడం మామూలే. అది లేకపోతే రీలు హెడ్‌కి ఆనదు, గొంతు దుప్పటి చాటు నుంచి వచ్చినట్టు ఉంటుంది. క్యాసెట్ పాడైపోయిందని పారేసేవాళ్లున్నారు. రీలు బాగానే ఉంటుందిరా, పెట్టె మారిస్తే చాలు. స్క్రూలున్న ఖాళీ క్యాసెట్ ఒకటి సంపాదించి, రెండు చక్రాలూ అందులోకి మార్చాలి. రీలు ఎటువైపు తిరిగి ఉందో చూసి అలాగే పెట్టాలి, మెలిక పడిందంటే అంతా వెనక్కి వినిపిస్తుంది. తెగిన రీలుని మామూలు సెల్లోటేపుతో అతికించకు. ఆ జిగురు కారి పక్క చుట్టకి పట్టుకుంటుంది. దీనికోసమే స్ప్లైసింగ్ టేపు దొరుకుతుంది. రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, అతుకు అంతకి మించి పక్కకి రాకూడదు, హెడ్‌కి తగలని వెనకవైపే పడాలి.

ఏళ్ల తరబడి కదలని రీలు చుట్టలు ఒకదానికొకటి పట్టేసి ఉంటాయి. వినేముందు ఓసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పు. సీ-60, సీ-90లకి (ఆ అంకె రెండువైపులా కలిపి నిమిషాలు) ఇది సరిపోతుంది. సీ-120 అయితే రీలు బాగా పల్చన, సాగుతుంది, చుట్టుకుపోతుంది. దాన్ని ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పరిగెత్తించకుండా మామూలు వేగంలోనే చివరిదాకా నడిపి తిప్పుకో.

యూఎస్‌బీ తీగతో వచ్చే చౌకరకం ప్లేయర్లు చూసి మోజుపడకు. వాటి మోటారు నిలకడగా తిరగదు, నిలబెట్టిన స్వరం వణుకుతుంది. పాటకి అంతకంటే అన్యాయం లేదు. మంచి పాత క్యాసెట్ డెక్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో, బెల్టు కొత్తది వేయించు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్డునీ, దాని పక్కనున్న సన్నటి ఇనప కడ్డీనీ తుడువు. గోధుమరంగు మరక వస్తుంది, అది రీలు నుంచి రాలిన పొడి. పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడవాలి. రబ్బరు చక్రానికి మాత్రం ఆ ఆల్కహాల్ ఎక్కువ పట్టించకు, రబ్బరు ఎండి నెర్రెలిస్తుంది. తడిగుడ్డ చాలు. పాత రీళ్లు ఎక్కువ రాలుస్తాయి గనక రెండు మూడు క్యాసెట్లకోసారి ఈ తుడుపు తప్పదు.

డెక్ వెనకాల ఉండే లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కి తగిలించిన ఆడియో ఇంటర్ఫేస్ (బయటి శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న పెట్టె) లైన్ ఇన్‌లోకి తీగ వెయ్యి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి వేస్తే బొయ్యిమంటుంది, పై స్థాయిలో గొంతు చీలుతుంది. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌కి ఆడాసిటీ ఉచితమే, అది చాలు. అందులో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు అని ఎంచుకో. గొంతు బాగా పైకెళ్లిన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా పెట్టుకో. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన శబ్దాన్ని మాత్రం ఎవడూ అతకలేడు. స్టీరియోలో గంటకి దాదాపు ఒక జీబీ అవుతుంది. నలభై సీ-60లున్నా 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తాయి, కాబట్టి చోటు మిగుల్చుకోవాలని ఎంపీత్రీలో రికార్డు చెయ్యకు. ఎంపీత్రీ చుట్టాలకి పంపడానికి పనికొస్తుంది, దాచుకోడానికి కాదు. టేపు సరసర తగ్గించే డాల్బీ బటన్ ఆపే ఉంచు. ఇళ్లల్లో ఉండే మామూలు టేపురికార్డరుకి డాల్బీ ఉండేది కాదు, ఇప్పుడది వేస్తే సకారాలు, చకారాలు మొద్దుబారిపోతాయి. అన్నీ సరిగ్గా ఉన్నా గొంతు మసగ్గానే ఉందంటే రికార్డు చేసిన యంత్రం హెడ్ కాస్త వంకరగా ఉండి ఉంటుంది. డెక్ హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, అజిమత్ స్క్రూ. మోనోలో పెట్టి వింటూ దాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పితే ఒకచోట సకారం విచ్చుకుంటుంది. మొదట స్క్రూ ఎక్కడుందో గుర్తు పెట్టుకోవడం మర్చిపోకు.

ఇప్పుడు చెప్పబోయేది అమ్మగారి విషయంలో అన్నిటికంటే ముఖ్యం. టేపురికార్డరు బ్యాటరీల మీద నడిచిందనుకో. రికార్డు చేస్తుండగా బ్యాటరీలు దిగిపోతే రీలు నెమ్మదిగా కదులుతుంది. అదే రీలుని ఇవాళ సరైన వేగంతో నడిపితే పాట పరుగెత్తుతుంది, శ్రుతి పైకెళ్తుంది. వేగం ఆరు శాతం తేడా వచ్చిందంటే ఒక అర్ధస్వరం మారిపోయినట్టే. ఐదో శ్రుతిలో (హార్మోనియం ఐదో తెల్లమెట్టు ఆధారంగా) పాడినావిడ ఐదున్నరలో (దాని పై నల్లమెట్టు) పాడినట్టు వినిపిస్తుంది, గొంతు కూడా చిన్నపిల్ల గొంతులా సన్నబడుతుంది. అది విని "అప్పట్లో అమ్మ గొంతు ఎంత లేతగా ఉండేదో" అని పుస్తకంలో రాసేస్తే అది బ్యాటరీని పొగిడినట్టవుతుంది. పల్లవి మొదట ఒక శ్రుతిలో, చివరి చరణం దగ్గరికి వచ్చేసరికి ఇంకాస్త పైన ఉందంటే అనుమానం అక్కర్లేదు, బ్యాటరీయే.

సరైన వేగం పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. టేపురికార్డరు కరెంటు మీద నడిచి ఉంటే అడుగున సన్నగా గుయ్యిమనే హమ్ ఉంటుంది. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట అది 50 దగ్గరో, దాని రెట్టింపు 100 దగ్గరో ఉండాలి. ఆడాసిటీలో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే గ్రాఫు) తీసి చూస్తే 50కి బదులు 52 దగ్గర కనిపించిందనుకో, వేగం నాలుగు శాతం ఎక్కువ. సరిగ్గా 50 దగ్గరే ఇంకో గీత కూడా కనిపిస్తే అది నీ డెక్‌ది, దాన్ని లెక్కలోకి తీసుకోకు. రెండో దారి హార్మోనియం. టేపులో వాయించినది ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నదే అయితే అంతకంటే మంచి కొలబద్ద దొరకదు. దాని మెట్లు ఒక్కొక్కటీ నొక్కి, ఫోనులో ట్యూనర్ పెట్టి హెర్ట్జ్ రాసుకో, టేపులో అదే మెట్టు ఎంత చూపిస్తుందో పోల్చు. లోపల మోగే లోహపు నాలుక, అంటే రీడు, మొన మీద దుమ్ము పేరుకుంటే స్వరం కాస్త దిగుతుంది గనక ఒక్క మెట్టుని పట్టుకోకుండా నాలుగైదు చూసి లెక్కవెయ్యి. సరిచేసేటప్పుడు వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఎఫెక్ట్ వాడాలి. శ్రుతి ఒక్కటే మార్చేది వాడితే గొంతు ఆవిడది కాకుండా పోతుంది.

హార్మోనియం మూత తీశావు గనక ఇంకోటి కూడా చూడు. టార్చిలైటు పక్కవాటుగా వేసి మెట్ల మీద అరుగుదల గమనించు. ఏళ్ల తరబడి ఒకే శ్రుతిలో పాడిన మనిషి హార్మోనియంలో ఆధార షడ్జం (స) మెట్టు, దాని పంచమం (ప) మెట్టు మిగతావాటికంటే నున్నగా, కాస్త గుంటపడి ఉంటాయి. నల్లమెట్టయితే అంచు రంగు పోయి ఉంటుంది. తెల్లమెట్ల లెక్కలో సి ఒకటి, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, మధ్య నల్లమెట్లు అరలు. ఐదున్నర శ్రుతి షడ్జం దాదాపు 208 హెర్ట్జ్, నాలుగున్నరది 185. వేగం సరిచేశాక అదే పాట పాత టేపులో, తర్వాతి టేపులో, ఫోను రికార్డింగులో ఏ శ్రుతిలో ఉందో వరసగా రాసుకుంటూ పో. వయసుతో ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది. ఐదున్నర నుంచి ఐదు, ఐదు నుంచి నాలుగున్నర. ఏ ఏళ్ల మధ్య దిగిందో తెలిస్తే అది ఆవిడ జీవిత చరిత్రలో ఒక అధ్యాయమే, ఏ అభిమానీ చెప్పలేనిది. తుడిచేటప్పుడు హార్మోనియం మెట్లకి నూనె గీనె పెట్టకు, దుమ్ముతో కలిసి జిగటై మెట్లు అతుక్కుపోతాయి.

శుభ్రం చెయ్యడం గురించి నా మాట కాస్త కఠినంగానే ఉంటుంది. టేపు సరసర (హిస్) తీసేద్దామని నాయిస్ రిడక్షన్ గట్టిగా లాగితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది, ఊపిరి తీసుకునే చప్పుడు పోతుంది, ముక్తాయింపులో సన్నగా జారే గమకం పోతుంది. మాటలు వినబడేంత వరకు చాలు, అదీ కాపీ మీదే. పాట మధ్యలో తలుపు చప్పుడు, దగ్గు, "ఒరేయ్ అది ఆపరా" అని ఆవిడ కసురుకోవడం, ఇవన్నీ వదిలెయ్. తేదీ పట్టుకోవడానికి అవే ఆధారం. వెనకాల ఏడుస్తున్న పసిపిల్ల ఎవరో తెలిస్తే ఏడాది తెలిసిపోతుంది. పాడిన సినిమా పాట ఏ ఏడాది విడుదలైందో చూస్తే అంతకు ముందుది కాదని తేలుతుంది. అసలు ఈ రకం క్యాసెట్టే 1963లో వచ్చింది, "ఇది అరవైలో పాడింది" అని పెదనాన్నెవరైనా పట్టుబడితే నవ్వి ఊరుకో.

గుండ్రటి పాత రికార్డులుంటే ఒక్క హెచ్చరిక చాలు. 78ల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు) మీద ఆల్కహాల్ పెట్టకు, లక్క కరిగిపోతుంది. ఎల్పీ సూదితో వాటిని వాయించకు, గాడి వెడల్పు వేరు.

పాటల నోటుపుస్తకాల దగ్గర కూడా కొంచెం ఆగాలి. లామినేషన్ చేయించకు, చిరుగుకి సెల్లోటేపు వెయ్యకు. రెండూ తిరిగి ఊడవు, జిగురు పసుపెక్కి అక్షరాలు తినేస్తుంది. ఎండ పడని వెలుతురులో ప్రతి పేజీ, అట్టలతో సహా, ఫొటో తియ్యి. స్కానరైతే 400 డీపీఐ. మధ్యలో దోపిన కాగితం ముక్కలు, కవరు వెనక రాసిన చరణాలు ఏ పేజీ దగ్గర ఉన్నాయో రాసుకుని తర్వాతే కదుపు. ఎత్తిరాసేటప్పుడు ఆవిడ రాసింది రాసినట్టే దించు. అచ్చు పుస్తకంలో ఉన్న మాటకీ ఆవిడ రాసిన మాటకీ తేడా ఉంటే "తప్పు" అని దిద్దేస్తారు కొందరు మేధావులు. విని నేర్చుకున్నవాళ్ల పాఠం అలాగే ఉంటుంది. అదే తేడా ఆవిడ అక్కచెల్లెళ్లలో ఇంకొకరి నోట కూడా దొరికిందంటే ఇద్దరికీ నేర్పింది ఒకరే అని తేలుతుంది. దిద్దేస్తే ఆ ఆనవాలు కాస్తా పోతుంది. మాటల మీద వేసిన గీతలు, తారల గుర్తులు కూడా వదలకు, ఎక్కడ నిలపాలో ఎక్కడ తిప్పి పాడాలో చెప్పుకున్నవి అవి.

పెద్దవాళ్ల దగ్గరికి ఆలస్యం చెయ్యకుండా వెళ్లు. క్యాసెట్లు ఇంకో ఏడాది ఆగినా ఆగుతాయి. వెళ్లగానే "అమ్మ గురించి చెప్పండి" అని అడగకు, "చాలా మంచిది నాయనా" అనే జవాబే వస్తుంది. టేపులో పాట ఒకటి వినిపించు, అప్పటికే నీ ఫోను రికార్డింగులో ఉండాలి. రెండో పంక్తికల్లా వాళ్లూ అందుకుంటారు, "కాదు కాదు, ఇక్కడ ఇలా పాడేది" అంటారు. ఆ "ఇలా" కోసమే నువ్వెళ్లింది. మాటలు మర్చిపోయినవాళ్లని వరస కూనిరాగం తియ్యమను, వరస పోదు. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, కింద మడత పెట్టిన తువ్వాలు వేసి, మూరెడు దూరంలో ఉంచు. ఫ్యాను ఆపు. మొదట్లో ఎవరు, ఏ తేదీ, ఎక్కడ అన్నది నీ గొంతుతోనే చెప్పు, ఫైలు పేరు పోయినా అది పోదు.

ఇక రాత. ఒక పది పన్నెండు పాటలు ఎంచుకో, ఒక్కోదానికి ఒకటిన్నర పేజీ. మీ పిల్లలు విన్న బామ్మ వేరు, నువ్వూ మీ అక్కా విన్న అమ్మ వేరు. మీకు పని చేసుకుంటూ సగం సగం పాడి, వరస తప్పితే కేకలేసిన మనిషి. వాళ్లకి జోలపాట చివరిదాకా పాడిన మనిషి. రెండూ కలిపి ఒక మంచి బొమ్మ తయారుచెయ్యకు. ఎవరు చెప్పింది వాళ్ల పేరుతో విడివిడిగా పెట్టు. అక్క చెప్పినదీ నువ్వు చెప్పినదీ పొసగకపోతే రెండూ ఉండనీ. పుస్తకంలో క్యూఆర్ కోడ్ వేస్తే బాగానే ఉంటుంది గానీ ఆ లింకు పదేళ్లు బతుకుతుందన్న నమ్మకం లేదు. ప్రతి పుస్తకంతో పాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా ఇవ్వు. ఇంటి క్యాసెట్లలో పాటలే కాదు, తగువులూ పడతాయి. ఎవరి మీద ఎవరో అన్న మాటలు దొర్లితే, అందరికీ పంచేముందు ఆ ముక్క తీసేసి మీ దగ్గర మాత్రం ఉంచుకోండి.

అన్నీ మూడు కాపీలు, రెండు రకాల వాటి మీద, ఒకటి వేరే ఇంట్లో. ఇంట్లో కాల్చుకున్న సీడీలని లెక్కలో వేసుకోకు. ఏడాదికోసారి హార్డ్‌డిస్క్ తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడు. అసలు క్యాసెట్లని ఎక్కించేశాం కదా అని పారెయ్యకు. స్పీకర్లకి దూరంగా, నిలువుగా, చల్లటి పొడి అల్మారాలో పెట్టు.

నీ ఉత్తరంలో రీలు తెగిపోయిందన్న ఆ క్యాసెట్‌ని నువ్వు విప్పకు. అంచుల్లో స్క్రూలున్నాయో, పెట్టె అతికించిందో తెలిసేలా రెండువైపులా ఫొటో తీసి పంపు. రీలు చివర లోపలికి పోయిందో బయట ఉందో కూడా రాయి. అతికించిన పెట్టె అయితే పగలగొట్టాల్సింది జోడు అంచు వెంబడి, ఎక్కడ పడితే అక్కడ కాదు. ఎలాగో వివరంగా మళ్లీ రాస్తాను. పెద్దక్కకి, పిల్లలకి నేను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ నేస్తం